ముందు ఎవరు పలకరించాలి, తిరిగి ఏమనాలి

కొత్త భాష నేర్పే ఏ పుస్తకం తెరిచినా, ఏ యాప్ పెట్టుకున్నా మొదటి పాఠం పలకరింపులే. బోంజూర్, నీ హావ్, కొన్నిచివా, మెర్‌హబా... గంటసేపు కూర్చుంటే పది భాషల్లో ‘హలో’ నోటికొచ్చేస్తుంది. తీరా జనం మధ్యకు వెళ్లిన మొదటిరోజే తేడా కొడుతుంది. జపాన్‌లో ఒకరింట్లో ఉంటూ ఆ ఇంటివాళ్లతో ‘కొన్నిచివా’ అంటే నవ్వుతారు. అది బయటివాళ్లతో అనే మాట, ఇంట్లోవాళ్లతో అనరు. చైనాలో రోజూ కనిపించే పక్కింటాయనతో ‘నీ హావ్’ అంటే అప్పుడే పరిచయమైనట్టు ఉంటుంది. ఫ్రాన్స్‌లో కొట్లోకి వెళ్లి ‘బోంజూర్’ అనకుండా నేరుగా ధర అడిగితే, ఎంత మెత్తగా అడిగినా అది దురుసుగానే వినిపిస్తుంది. రష్యాలో పొద్దున ‘జ్ద్రాస్త్వూయ్‌త్యె’ అని పలకరించిన మనిషినే సాయంత్రం మళ్లీ అదే మాటతో పలకరిస్తే, ‘పొద్దున కలిశాం కదా, మర్చిపోయారా?’ అన్నట్టు చూస్తారు.

ఈ నాలుగు చోట్లా మాటలో తప్పు లేదు. దాన్ని ఎవరితో అనాలి, ఎప్పుడు అనాలి, రోజుకు ఎన్నిసార్లు అనాలి అన్నదగ్గరే తప్పింది. పలకరింపుల విషయంలో నిఘంటువు చేసే సాయం చాలా తక్కువ. ముందు ఎవరు నోరు తెరవాలి, అవతలివాళ్లు తిరిగి ఏమనాలి, అడిగినది నిజంగా ప్రశ్నేనా, రెండోసారి ఎదురుపడితే ఏం చెయ్యాలి అన్నవి తెలిస్తేనే ఆ భాషలో పలకరించడం వచ్చినట్టు.

అడిగినది ప్రశ్నేనా?

మానవశాస్త్రవేత్త బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ 1923లో రాసిన ఒక వ్యాసంలో ఇలాంటి మాటలకు ‘ఫాటిక్ కమ్యూనియన్’ అని పేరు పెట్టాడు. విషయం చెప్పడానికి కాకుండా మనుషుల మధ్య బంధం కలపడానికే ఆడే మాటలు అని ఆయన ఉద్దేశం. న్యూగినీ దగ్గరి ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్లపాటు ఉండి వచ్చిన మనిషి కాబట్టి, ఊసుపోక కబుర్లకు ఉన్న విలువ ఆయనకు బాగానే తెలుసు. అప్పటినుంచి పలకరింపుల్లో ‘విషయం’ ఏమీ ఉండదన్నది చదువుకున్నవాళ్ల మామూలు మాట అయిపోయింది. అది సగమే నిజం.

ఇంగ్లిష్ వరకైతే బాగానే సరిపోతుంది. ‘హౌ డు యు డు?’ అని ఒకరంటే అవతలివాళ్లు కూడా ‘హౌ డు యు డు?’ అనే అంటారు. ప్రశ్నకు ప్రశ్నే జవాబు, ఇద్దరూ ఏమీ చెప్పరు. ‘హౌ ఆర్ యు?’కి ‘ఫైన్, థాంక్స్’ తప్ప మరో జవాబు ఎవరూ ఎదురుచూడరు. బ్రిటన్‌లో ‘ఆల్ రైట్?’ అంటే ‘ఆల్ రైట్’ అనుకుంటూ నడిచిపోతారు. కొత్తగా వెళ్లినవాళ్లు ‘నాకేమైనా అయిందా, ఎందుకలా అడిగాడు?’ అని టెన్షన్ పడేది ఇక్కడే.

అదే ప్రశ్న మాలినోవ్‌స్కీ సొంత భాష పోలిష్‌లో అడిగితే వేరే సంగతి. అక్కడ వినిపించే జవాబుల్లో ‘స్తారా బ్యెదా’ ఒకటి. ‘అవే పాత కష్టాలు’ అని. అలా అన్న మనిషికి ఏదో ఆపద వచ్చిందని కంగారు పడక్కర్లేదు. అంతా అద్భుతం అని చెప్పుకోవడం అక్కడ కాస్త గొప్పలకు పోయినట్టు ఉంటుంది, కొంచెం సణుగుడు కలిపితేనే సహజం. రష్యన్‌లో ‘కాక్ ద్యెలా?’ అంటే సాధారణంగా వచ్చే ‘నర్మాల్న’ కూడా ఇలాగే ఉత్సాహం చూపించని జవాబు. ఇంగ్లిష్ చెవికి అది ముభావంగా వినిపిస్తుంది. అమెరికన్ల ‘గ్రేట్!’ రష్యన్ చెవికి అతిగా వినిపిస్తుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. బాగోగులు చెప్పేటప్పుడు ఎంత ఎత్తులో గొంతు పెట్టాలన్నది ఒక్కో భాషలో ఒక్కోలా కుదిరింది, అంతే.

‘ఎక్కడికి?’ అన్న ప్రశ్న ఇంకా తమాషాగా ఉంటుంది. ఇండోనేషియాలో దారిలో ఎదురైనవాళ్లు ‘మావ్ కె మానా?’ అంటారు. ఎక్కడికి బయల్దేరావు అని. దానికి ‘జలాన్ జలాన్’ అంటే చాలు, ‘అలా తిరిగొద్దామని’. అడిగినవాడికి మీ ప్రయాణంతో పనిలేదు. ఇదే ప్రశ్న సమోవాలో మాత్రం ఇంత తేలిగ్గా పోదు. భాషా మానవశాస్త్రవేత్త అలెస్సాండ్రో డురాంటి 1997లో అచ్చయిన వ్యాసంలో దీన్నే ప్రధాన ఉదాహరణగా తీసుకున్నాడు. సమోవా ఊళ్లలో ‘ఎక్కడికి వెళ్తున్నావు?’ అనే పలకరింపుకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది. అడిగినవాళ్లు పెద్దవాళ్లయితే ‘ఆ పని నీకెందుకు?’ దాకా వెళ్లొచ్చు. మాట పలకరింపే, ఊరి నిఘా కూడా అందులోనే ఉంది. పలకరింపుల్లో విషయం ఉండదని కొట్టిపారెయ్యడం తొందరపాటని డురాంటి వాదన. ఆయన చెప్పిందే సరైనదిగా కనిపిస్తుంది.

తెలుగు మాట్లాడేవాళ్లకు ఇది ఇంకోరకంగా తెలుసు. గడప దాటుతున్న మనిషిని ‘ఎక్కడికి?’ అని అడగడం అపశకునమని ఆ ప్రశ్న నోటిదాకా వచ్చినా మింగేస్తారు, లేదా తిప్పి అడుగుతారు. ఒక భాషలో స్నేహంగా అడిగేది ఇంకో భాషలో అడగకూడనిది. ఒకే ఖండంలోనే ఈ తేడా.

ఏం అడుగుతారన్నది బతుకుతెరువును బట్టి కూడా మారుతుంది. మంగోలియా పశువుల కాపరులు ‘మీ మంద బలంగా ఉందా?’ అని అడుగుతారు. చైనీస్‌లో పాతతరం వాళ్లు భోజనం వేళల్లో ‘చ్ర్ లె మ?’ అంటారు, తిన్నారా అని. ‘తిన్నాను’ అంటే అయిపోయింది, లేదంటే వెంటనే పీట వేస్తారని అనుకోకూడదు. జింబాబ్వేలో మాట్లాడే షోనా భాష పొద్దుటి పలకరింపు మాత్రం కాస్త ఆగి చూడదగ్గది. ‘మరారా సెయి?’ అంటారు, ఎలా నిద్రపోయారు అని. జవాబు ‘న్దరారా కనా మరారవో’. ‘మీరు బాగా నిద్రపోయి ఉంటే నేనూ బాగా నిద్రపోయినట్టే’. మధ్యాహ్నం దాటాక నిద్ర స్థానంలో పగలు వస్తుంది: మీకు పగలు బాగా గడిచి ఉంటే నాకూ బాగా గడిచినట్టే. ప్రశ్నకు జవాబు చెబుతూనే అదే ప్రశ్నను తిప్పి పంపే వాక్యం. ‘నేను బాగున్నాను, మీరు?’ అని రెండు ముక్కలుగా చెప్పేదాన్ని షోనా ఒక షరతుగా మార్చేసింది.

తిరిగి ఇచ్చేటప్పుడు కొంచెం ఎక్కువ

పలకరింపులో రెండో సగం గురించి పాఠాలు అంతగా మాట్లాడవు. చాలా భాషల్లో తిరిగి అదే మాట అనేస్తే సరిపోతుంది. కొన్నిట్లో సరిపోదు.

అరబిక్‌లో ‘సబాహ్ అల్‌ఖైర్’ అంటే మేలైన ఉదయం. దానికి మామూలు జవాబు ‘సబాహ్ అన్నూర్’, వెలుగు నిండిన ఉదయం. ఈజిప్టులో ఇంకాస్త ముందుకెళ్లి ‘సబాహ్ అల్‌ఫుల్’ అంటారు, మల్లెల ఉదయం. లెబనాన్, సిరియా వైపు ‘మర్‌హబా’ అంటే ‘మర్‌హబ్‌తైన్’ అని తిరిగి రావచ్చు. అరబిక్‌లో ద్వివచనం ఉంది కాబట్టి ‘రెండు మర్‌హబాలు’ అని ఒక్క మాటలో చెప్పెయ్యొచ్చు. ‘అస్సలాము అలైకుమ్’కు జవాబు ‘వ అలైకుముస్సలామ్’. ఇక్కడ మాటల క్రమం తిరగబడుతుంది. వచ్చిన పలకరింపు కంటే మేలైనది ఇవ్వండి, లేదా కనీసం అంతే తిరిగి ఇవ్వండి అని ఖురాన్ నాలుగో అధ్యాయంలోనే ఉంది. అంటే తగ్గించి ఇవ్వడం కుదరదు.

ఇదే లెక్క ఐరిష్‌లో ఇంకా సరదాగా సాగుతుంది. ‘దియా ద్విచ్’, దేవుడు నీకు తోడుండుగాక అని ఒకరంటారు. రెండోవారు దేవుడికి మేరీమాతను కలుపుతారు. మూడోసారి అనాల్సి వస్తే సెయింట్ ప్యాట్రిక్ కూడా చేరతాడు. మాట మాటకూ దీవించేవాళ్ల సంఖ్య పెరుగుతూ పోతుంది. ఈ రోజుల్లో అంతదూరం వెళ్లేవాళ్లు తక్కువే, కానీ నేర్చుకునేవాళ్లకు మొదటి రెండు మెట్లూ ఇప్పటికీ నేర్పిస్తారు.

జార్జియన్‌లో ‘గమర్జోబా’ అనేది గెలుపును కోరే మాట. జవాబు ‘గగిమర్జోస్’, నీకూ గెలుపు కలగాలి. టర్కిష్‌లో ‘హోష్ గెల్దినిజ్’ (సంతోషంగా వచ్చారు) అంటే ‘హోష్ బుల్దుక్’ (సంతోషాన్నే చూశాం) అనాలి. ఇక్కడ థాంక్స్ చెప్పి ఊరుకుంటే తాళం సగం వేసి వదిలేసినట్టు ఉంటుంది.

ముందు ఎవరు?

అన్నిటికంటే పెద్ద చిక్కు ఇదే. పలకరింపు సమానుల మధ్య వ్యవహారంలా పైకి కనిపిస్తుంది. చాలా సమాజాల్లో అది మెట్లు లెక్కపెట్టే చోటు.

స్వాహిలిలో చిన్నవాళ్లు పెద్దవాళ్లతో ‘షికమో’ అంటారు. పెద్దవాళ్లు ‘మరహబా’ అంటారు. ఈ రెండూ ఎప్పటికీ తారుమారు కావు. టాంజానియాలో వయసులో పెద్దావిడకు ‘షికమో’ అనకుండా ‘మాంబో’ అన్న కుర్రాణ్ని ఎవరూ తిట్టకపోవచ్చు, పెంపకం గురించి మాత్రం అనుకుంటారు. అన్నట్టు, పర్యాటకులందరికీ తెలిసిన ‘జాంబో’ స్వాహిలి మాట్లాడేవాళ్లు తమలో తాము అలా పొట్టిగా వాడే మాట కాదు. వాళ్లు ‘హుజాంబో’ అంటే ‘సిజాంబో’ అంటారు. ఎదుటివాళ్లు మీతో ‘జాంబో’ అన్నారంటే మిమ్మల్ని పర్యాటకుడిగా లెక్కేశారన్నమాట.

ముస్లిం సంప్రదాయంలో సలాం ఎవరు మొదలుపెట్టాలన్న దానికి హదీసుల్లో ఒక క్రమం ఉంది. వాహనం మీద వెళ్తున్నవారు నడిచేవారికి, నడిచేవారు కూర్చున్నవారికి, తక్కువమంది ఎక్కువమందికి, చిన్నవారు పెద్దవారికి ముందుగా చెప్పాలి. ఇందులో వయసు ఒకటే కొలత కాకపోవడం గమనించాలి. గుర్రం మీద ఉన్నవాడు ఎంత గొప్పవాడైనా కింద నడుస్తున్నవాడిని తనే ముందు పలకరించాలి. ఎత్తులో ఉన్నవాడి మీద, కదులుతూ వచ్చేవాడి మీద బాధ్యత పెట్టారు. ఎదురుపడ్డప్పుడు భయపడాల్సింది సహజంగా నేల మీద నిలబడ్డవాడే కనుక ఇది తెలివైన ఏర్పాటే.

సెనెగల్‌లో మాట్లాడే వొలోఫ్ భాష పలకరింపుల మీద మానవశాస్త్రవేత్త జుడిత్ ఇర్విన్ 1974లో రాసిన పరిశోధన ఈ విషయంలో చదవదగ్గది. అక్కడి గ్రామాల్లో ఇద్దరు కలిస్తే ఒకరు పలకరించేవారు, ఇంకొకరు జవాబిచ్చేవారు. మధ్యేమార్గం లేదు. లెక్క ప్రకారం హోదాలో తక్కువవాళ్లే అవతలివాళ్ల దగ్గరకు నడిచి వెళ్లి, ముందు నోరు తెరిచి, వరసగా ప్రశ్నలు వెయ్యాలి. హోదా ఉన్నవారు కదలకుండా పొదుపుగా జవాబిస్తారు. అది సుమారుగా ఇలా నడుస్తుంది:

‘సలామ్ మలేకుమ్.’
‘మలేకుమ్ సలామ్.’
‘నంగ దెఫ్?’ (ఎలా ఉన్నావు?)
‘మాంగి ఫి రెక్.’ (ఇక్కడే ఉన్నాను, అంతే.)
‘అనా వా కెర్ గ?’ (ఇంట్లోవాళ్లు ఎక్కడున్నారు?)
‘న్యుంగ ఫ.’ (అక్కడే ఉన్నారు.)

ఆ తర్వాత ఇంటిపేర్లు పలుకుకోవడం, శాంతి గురించి అడగడం, దేవుణ్ని తలచుకోవడం, మళ్లీ మొదటికి రావడం. ‘ఇక్కడే ఉన్నాను’, ‘అక్కడే ఉన్నారు’ అన్న జవాబుల్లో కొత్తగా తెలిసేది ఏమీ లేదు. అసలు సంగతి ఆ మాటల్లో లేదు, ఎవరు అడుగుతున్నారన్న దాంట్లో ఉంది. హోదా ఉన్నవాళ్లు తమకంటే తక్కువవాళ్లకు ఇచ్చి ఆదుకోవాలన్నది ఆ సమాజపు పద్ధతి. కాబట్టి పలకరింపులో పైమెట్టు దక్కడమంటే మర్యాద ఒక్కటే కాదు, ఖర్చు కూడా దక్కడం. సాయం అడగాలనుకున్నవాడు గబగబా వెళ్లి తనే ముందు పలకరిస్తాడు. ఆ ఎత్తు తెలిసిన పెద్దమనిషి, అవతలివాడు నోరు తెరిచేలోపు తనే పలకరించేసి కిందిమెట్టు పట్టేస్తాడు. అంటే తనను తాను తగ్గించుకోవడం కూడా ఒక పాచికే. కూర్చుని చూస్తే, వినయంలో పోటీపడే చోట్లన్నిటా ఇలాంటి లెక్కే ఏదో ఒకటి నడుస్తూ ఉంటుందనిపిస్తుంది.

ఎవరూ ముందు మాట్లాడకపోవడమే మర్యాద అయిన చోట్లూ ఉన్నాయి. అమెరికాలో అరిజోనాలోని సిబెక్యూ అనే చోట వెస్టర్న్ అపాచీ ఆదివాసుల మధ్య పనిచేసిన మానవశాస్త్రవేత్త కీత్ బాసో 1970లో మౌనం మీద ఒక వ్యాసం రాశాడు. కొత్త మనిషిని కలిస్తే అక్కడ గబుక్కున పలకరించరు. అలా కలుపుగోలుగా వచ్చేవాణ్ని ‘వీడికేం కావాలో’ అని అనుమానంగా చూస్తారు. దూరపు బోర్డింగ్ స్కూలు నుంచి నెలల తర్వాత ఇంటికొచ్చిన పిల్లలతో కూడా తల్లిదండ్రులు వెంటనే మాట్లాడరు. బయట ఉండి వచ్చిన పిల్ల ఎలా మారిందో, ఏ తీరున ఉందో పిల్ల మాటల్లోనే తెలియనిచ్చి, ఆ తర్వాత మెల్లగా మాట కలుపుతారు. ఎక్కడైనా ఎవరైనా కలవగానే పలకరించుకుంటారని గీసుకున్న సూత్రానికి ఇది పెద్ద చిల్లు.

పనికో పలకరింపు, పూటకో పలకరింపు

నైజీరియాలోని యొరుబా భాషలో పలకరింపు ఒక అచ్చులాంటిది. ‘ఎ కు’ అని మొదలుపెట్టి, ఎదుటి మనిషి ఏం చేస్తుంటే దాన్ని పక్కన చేర్చడమే. పనిలో ఉన్నవారికి ‘ఎ కు ఇషె’. కూర్చుని ఉన్నవారికి ‘ఎ కు ఇజోకో’. నడిచొచ్చినవారికి ఒకటి, వాన పడుతుంటే ఒకటి. వచ్చినవారికి చెప్పే ‘ఎ కాబో’ కూడా ఈ అచ్చులోంచి వచ్చిందే. ఈ ‘ఎ’ మన ‘మీరు’ లాంటిది. చిన్నవాళ్లతో అయితే ‘ఒ కు’ అంటారు. దీన్ని వాడాలంటే జాబితా బట్టీ పడితే కుదరదు, ఎదుటివాళ్లు ఏం చేస్తున్నారో చూడాలి. చూశానని చెప్పడమే అక్కడ పలకరింపు.

పనిలో ఉన్న మనిషిని ప్రత్యేకంగా పలకరించే అలవాటు టర్కీ నుంచి అఫ్గానిస్తాన్ దాకా కనిపిస్తుంది. టర్కిష్‌లో ‘కొలాయ్ గెల్సిన్’, పని తేలిగ్గా సాగాలి. పర్షియన్‌లో ‘ఖస్తె నబాషీద్’, అలసిపోకూడదు. పష్తోలో దారిన వెళ్లేవాళ్లను సైతం ‘స్తడే మ షె’ అంటారు, అలసట లేకుండా ఉండు అని. జపాన్ ఆఫీసుల్లో ఒకరికొకరు చెప్పుకునే ‘ఒత్సుకరెసమ’ కూడా అలసటను గుర్తించే మాటే. ఇంగ్లిష్‌లో దీనికి సరైన జోడీ లేదు, అందుకే అనువాదకులు ‘హలో’ అని రాసేసి చేతులు దులుపుకుంటారు.

పూటను బట్టి పలకరించే భాషల్లో పూట ఎక్కడ మొదలవుతుందన్నదే తగువు. ఇండోనేషియన్‌లో పగలుకే మూడు: పొద్దున ‘పాగి’, ఎండ ఎక్కాక ‘సియాంగ్’, ఎండ తగ్గాక ‘సోరె’. ఉత్తర జర్మనీలో మాత్రం ‘మోయిన్’ అని పొద్దున అన్నా అర్ధరాత్రి అన్నా ఒకటే. జపాన్‌లో ‘ఒహాయో గొజాయిమస్’ ఉదయపు మాట. అయినా వినోదరంగంలో, రాత్రి షిఫ్టుల్లో పనికి రాగానే ఏ వేళయినా అదే అంటారు. గడియారంలో సాయంత్రమైనా వాళ్ల పనిరోజు అప్పుడే మొదలైంది మరి.

ఒకసారి పలకరించాక మళ్లీ ఎదురైతే? సమాజశాస్త్రవేత్త ఎర్వింగ్ గాఫ్‌మన్ 1971లో పలకరింపును ఒక తలుపు తియ్యడంలా చూశాడు: ఇకనుంచి మనం ఒకరికొకరం అందుబాటులో ఉన్నాం అని చెప్పడం. తెరిచిన తలుపును మళ్లీ మళ్లీ తియ్యక్కర్లేదు కాబట్టి రెండో పలకరింపు చిన్నదైపోతుంది, మూడోది ఒట్టి తల ఊపుగా మిగులుతుంది. ఫ్రెంచ్‌వాళ్లు దీనికి ‘ర్‌బోంజూర్’ అనీ, ఇంకా కుదించి ‘ర్’ అనీ మాటలు పెట్టుకున్నారు. ‘ఇందాక కలిశామని గుర్తుంది’ అని దాని భావం.

నోటిమాట కంటే ముందే శరీరం పలకరిస్తుందన్నది కెండన్, ఫెర్బర్ అనే ఇద్దరు పరిశోధకులు 1973లో చూపించారు. ఒక పుట్టినరోజు పార్టీని సినిమా తీసి, అతిథులు వచ్చే తీరును ఫ్రేమ్ ఫ్రేమ్‌గా చూశారు. దూరం నుంచి కళ్లు కలుస్తాయి, చెయ్యో తలో ఊగుతుంది. తర్వాత దగ్గరికి నడిచేటప్పుడు ఇద్దరూ చూపు పక్కకు తిప్పుకుంటారు. బాగా దగ్గరికి వచ్చాక మళ్లీ చూసుకుని నవ్వుతారు, అప్పుడు మాట, చెయ్యి కలపడం. పొడవాటి వరండాలో తెలిసిన మనిషి ఎదురుగా వస్తుంటే, చాలా దూరంలోనే నవ్వేసి ఆ తర్వాత ఎటు చూడాలో తెలియక ఫోన్ తీసే ఇబ్బంది అందరికీ అనుభవమే. ఆ మధ్యలోని చూపు తిప్పుకోవడం అందుకే.

సర్కారు తయారుచేసిన పలకరింపు

పలకరింపులన్నీ అనాదిగా వచ్చినవే అనుకోకూడదు. థాయ్‌లాండ్‌లో ఇప్పుడు అందరూ అనే ‘సవాత్‌దీ’ వయసు వందేళ్లు కూడా లేదు. 1930ల్లో చులాలంకోర్న్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఫ్రయా ఉపకిత్ సిలపసాన్ సంస్కృత ‘స్వస్తి’ నుంచి దాన్ని తీర్చిదిద్దాడు. 1943లో ప్రధాని ఫిబున్ ప్రభుత్వం దాన్ని అధికారిక పలకరింపుగా ప్రకటించింది. అంతకుముందు జనం ‘ఎక్కడికి వెళ్లొస్తున్నావు?’, ‘తిన్నావా?’ అనే పలకరించుకునేవారు. ఆధునిక దేశమంటే ‘గుడ్ మార్నింగ్’కు సమానమైనది ఒకటి ఉండాలన్నది ఆనాటి పట్టుదల. మాట నిలబడింది, మగవాళ్లు చివర ‘క్రప్’, ఆడవాళ్లు ‘ఖ’ చేర్చి వాడుతున్నారు. పాత ప్రశ్నలూ పోలేదు, దగ్గరివాళ్ల మధ్య అవే నడుస్తున్నాయి. తెలుగులో అదే ‘స్వస్తి’ ఒక పనిని మానేయడానికి స్థిరపడిపోయింది. బర్మాలోని ‘మింగలాబా’ కూడా పాళీ ‘మంగళ’ నుంచి చేసి, బ్రిటిష్ కాలపు బడుల్లో టీచరుకు చెప్పే మాటగా మొదలై బయటికొచ్చిందే. ‘శుభోదయం’, ‘శుభరాత్రి’ లాంటివి ఆ బాటలోనే పుట్టినా నోటిదాకా పూర్తిగా రాలేదు. ఫోన్ తెర మీద పువ్వుల బొమ్మలతో కనిపించినంతగా మనిషికి మనిషి ఎదురైనప్పుడు వినిపించవు.

కొత్తగా తయారుచేసేది మాటలనే కాదు, అర్థాలనూ తయారుచేస్తారు. జూలూ భాషలో ‘సవుబోన’ అంటే ‘నిన్ను చూశాం’ అన్నది నిజమే. దానికి రెండు పేజీల తత్వం తగిలించి, ‘నేనిక్కడ ఉన్నాను’ అని గంభీరంగా జవాబు చెబుతారంటూ తిరిగే పోస్టులను కాస్త చూసి నమ్మాలి. రోజూ వినిపించే జవాబు ‘యెబో’, అంటే ‘ఆఁ, అవును’. పాశ్చాత్య యోగా తరగతుల్లో ‘నమస్తే’కు ‘నాలోని దివ్యత్వం నీలోని దివ్యత్వానికి వంగుతోంది’ అని చెప్పే వివరణ వింటే తెలుగువాళ్లకు ఎలా అనిపిస్తుందో, ఆ పోస్టులు చూసి జూలూ మాట్లాడేవాళ్లకూ అలాగే అనిపించవచ్చు. ‘నమః తే’, నీకు నమస్కారం, అంతే. ఇటాలియన్ ‘చావ్’, ఆస్ట్రియన్ ‘సెర్వుస్’ రెండూ ‘నీ దాసుణ్ని’ అన్నదాంట్లోంచి పుట్టాయి. ఇప్పుడు వాటిని అనేవాళ్లెవరికీ దాస్యం గుర్తుకురాదు. పైగా ‘చావ్’ సమానులతోనే అనాలి, పెద్దవాళ్లతో అంటే చనువు తీసుకున్నట్టవుతుంది. పుట్టుకలో వినయం, వాడుకలో చనువు.

వెళ్లేవారికి ఒకటి, ఉండేవారికి ఒకటి

వీడ్కోలు మాటల్లో మరో పద్ధతి. కొరియన్‌లో ఎవరు కదులుతున్నారు, ఎవరు ఉండిపోతున్నారు అన్నదాన్ని బట్టి మాట మారుతుంది. వెళ్లేవారితో ‘అన్న్యోంగి కసెయో’, ఉండేవారితో ‘అన్న్యోంగి క్యెసెయో’. జూలూలో ‘హంబా కాహ్లె’, ‘సాలా కాహ్లె’. ఇండోనేషియన్‌లో ‘సెలమత్ జలాన్’, ‘సెలమత్ తింగల్’. మూడిటికీ ఒకదానితో ఒకటికి చుట్టరికం లేదు, అయినా ముగ్గురూ ఒకే ఆలోచన చేశారు.

ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు జపాన్‌వాళ్లు ‘ఇత్తెకిమస్’ అంటారు, వెళ్లొస్తాను అని. ఇంట్లో ఉన్నవారు ‘ఇత్తెరష్షాయ్’, వెళ్లిరా అంటారు. తెలుగులో ‘వెళ్లొస్తాను’ అన్నా, తమిళంలో ‘పోయిట్టు వరేన్’ అన్నా అదే కదా. బెంగాలీలు వెళ్లడాన్ని పూర్తిగా వదిలేసి ‘ఆషి’, వస్తున్నాను అంటారు. స్పెయిన్‌లో ఇంకో చిత్రం ఉంది. వీధిలో తెలిసినవాళ్లు ఎదురైతే, ఆగే ఉద్దేశం లేకపోతే ‘అదియోస్’ అనేసి సాగిపోతారు. కలిసింది ఇప్పుడే, చెప్పింది సెలవు. ఆగి మాట్లాడితేనే ‘ఓలా’. కలిసీ విడిపోవడం ఒక్క క్షణంలో జరిగిపోయేటప్పుడు రెండింటిలో సెలవునే ఎంచుకోవడంలో తర్కం ఉంది.

ఫోన్ వచ్చాక

‘హలో’ అసలు పలకరింపు కాదు. దృష్టి ఇటు తిప్పడానికి, ఆశ్చర్యపోవడానికి వాడే కేక. టెలిఫోన్‌కు ఏ మాటతో మొదలుపెట్టాలన్న సమస్య వచ్చినప్పుడు గ్రాహంబెల్ నావికుల ‘అహోయ్’ బాగుంటుందన్నాడు. ఎడిసన్ 1877లో రాసిన ఉత్తరంలో ‘హలో’ చాలు, పది ఇరవై అడుగుల దూరానికి కూడా వినిపిస్తుందన్నాడు. ఎడిసన్ మాటే నెగ్గి, ఆ కేక ప్రపంచమంతా పలకరింపుగా మారింది. కొన్ని భాషలు లొంగలేదు: ఇటాలియన్లు ‘ప్రోంతో’ (సిద్ధం), మెక్సికోలో ‘బువెనో’, జపాన్‌లో ‘మోషి మోషి’, కొరియాలో ‘యొబొసెయో’.

ఫోన్ ఎత్తినవాళ్లే ముందు మాట్లాడటం గురించి, సంభాషణల మీద పరిశోధించిన ఇమాన్యుయేల్ షెగ్లాఫ్ 1968లోనే ఒక చక్కటి సంగతి చెప్పాడు. ఫోన్ మోగడమే పిలుపు, ‘హలో’ ఆ పిలుపుకు జవాబు. పలకరింపు ఆ తర్వాత మొదలవుతుంది. ఆ ‘హలో’లో ‘ఎవరు?’ అన్న ప్రశ్న కూడా ఉండేది. తెర మీద పేరు కనిపించడం మొదలయ్యాక ఆ ప్రశ్నకు పనిలేకుండా పోయింది. అందుకే తెలిసినవాళ్ల ఫోన్ వస్తే ఇప్పుడు ‘ఆఁ చెప్పు’ అనే ఎత్తుతున్నారు. తెలియని నంబరుకే ‘హలో’ మిగిలింది.

చాట్‌లో మళ్లీ కొత్త చిక్కు. ఎదురుగా ఉన్న మనిషిని పలకరించి, తిరిగి పలికేదాకా ఆగి, తర్వాత విషయం చెప్పడం మర్యాద. అదే మర్యాదను మెసేజ్‌లోకి తీసుకొచ్చి ‘హాయ్’ అని మాత్రమే పంపి ఊరుకుంటే, అవతలివాళ్లకు ‘ఏం అడగబోతున్నారో’ అని టెన్షన్. ఆఫీసు చాట్‌లలో పలకరింపునూ పనినీ ఒకే మెసేజ్‌లో పెట్టమని అడగడం మామూలైపోయింది. ఉత్తరాల కాలంలో అలాగే రాసేవారు కాబట్టి ఇదేం కొత్త కాదు. గ్రూపుల్లో పరిస్థితి వేరు. ముస్లిం ధర్మశాస్త్రంలో ఒక గుంపుకు ఎవరైనా సలాం చెబితే, అందులో ఒక్కరు జవాబిస్తే అందరూ ఇచ్చినట్టే లెక్క. రెండొందలమంది ఉన్న వాట్సాప్ గ్రూపుకు ఇలాంటి నియమం ఎవరూ పెట్టలేదు. ఒక్కరు ‘గుడ్ మార్నింగ్’ పెడితే జవాబివ్వాల్సిన బాకీ ఎవరిదో తేలక, కొందరు అసలు పలకరు, మిగతావాళ్లు మధ్యాహ్నం దాకా వరసగా ‘గుడ్ మార్నింగ్’ పెడుతూనే ఉంటారు.